తల్లి బరువు తీసేస్తే

భారతికి అన్నిటికన్నా పెద్ద భయం తన కొడుకు చిన్నా చచ్చిపోతాడని. పాము కాదు, పిడుగు కాదు, అత్త వెంగమ్మ కూడా కాదు. పదకొండు నెలలైనా నిండని పిల్లవాడు రోజురోజుకూ సన్నబడిపోయి, ఏదో ఒక పూట తను అంట్లు తోముకుంటున్నప్పుడు చడీచప్పుడు లేకుండా ఊపిరి మానేస్తాడని భయం. అందుకని వాడు పగటిపూట నిద్రపోతే చాలు, గంటకు నాలుగుసార్లు వెళ్లి ముక్కు కింద వేలు పెట్టి చూసేది. వేలు తగలగానే వాడు లేచి ఏడ్చేవాడు. ఏడుస్తున్నాడంటే బతికే ఉన్నాడని ఆమెకు నెమ్మది. నిద్ర చాలక వాడు ఇంకాస్త సన్నబడేవాడు.

ఆమెకు ఇరవై ఏళ్లు. వింజమూరు హాస్టల్లో ఎనిమిది దాకా చదివింది. తొమ్మిదో తరగతి పుస్తకాలు ఇచ్చిన వారానికే తల్లికి జబ్బు చేసిందని ఇంటికి పిలిపించారు, మళ్లీ పంపలేదు. తీసివేతలు బాగా వచ్చు. ఈ కథలో తీసివేతలతో పని ఉంది గనక ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది.

వాళ్ల కాలనీ ఉదయగిరికి కాస్త ఎడంగా, చెరువుకట్ట కింద ఉంటుంది. ముప్పై ఇళ్లు. చెరువులో నీళ్లుంటే మగవాళ్లు వలలు వేస్తారు, లేకపోతే ఆడా మగా కూలికి పోతారు. నెలకొకసారి, రెండో మంగళవారం, పొద్దున బస్సుకు ఒక జర్మనీ ముసలామె గుడ్డసంచిలో కాటా పెట్టుకుని దిగుతుంది. ఆమె పేరు డాక్టర్ ఇర్మ్‌గార్డ్ లోరెంజ్. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక ఇర్మమ్మ అన్నారు. నలభై ఏళ్లుగా అదే పేరు.

ఇర్మమ్మ పిల్లల డాక్టరు. ముప్పై ఏడేళ్ల వయసులో, రెండేళ్ల ఒప్పందం మీద ఆత్మకూరులో ఒక ట్రస్టు ఆస్పత్రికి వచ్చింది. పిల్లల వార్డు ఆమె చేతికిచ్చారు. మొదటి ఏడాది తట్టు వచ్చింది. వార్డులో చేరిన పిల్లల్లో ఒక్కరూ పోలేదు. ఆ ముక్క రిపోర్టులో రాసి జర్మనీకి పంపింది, అక్కడ మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత ఏదో పనిమీద చెరువుకట్ట కింది కాలనీకి వచ్చి, పిల్లలేరీ అని అడిగింది. ఆ వానాకాలంలోనే తొమ్మిదిమంది పోయారని చెప్పారు. మరి ఆస్పత్రికి ఎందుకు తీసుకురాలేదంటే, భారతి మామ శీనయ్య, అప్పటికి మీసాలు కూడా సరిగా రాని కుర్రవాడు, బస్సు లేదన్నాడట. ఇర్మమ్మ ఆత్మకూరుకు తిరిగి వెళ్లి, రిపోర్టు కాపీ తీసి చించేసి, వార్డు ఇంకో డాక్టరుకు అప్పజెప్పి, ఒక పాత మోటారుసైకిలు సంపాదించింది. అప్పటినుంచి ఆమెది ఒకటే పద్ధతి. వచ్చిన పిల్లల గురించి దిగులు పడదు. ఎవరు రాలేదో చూస్తుంది. ఏ నెల ఏ బిడ్డ తూకానికి రాకపోతే, ఆ రోజే ఆ ఇంటికి నడిచి వెళ్లి కళ్లారా చూసి వస్తుంది.

తూకమంటే మొదట్లో పెద్ద గొడవ జరిగింది. కాలనీలో తూచేది అమ్మేదాన్నే: చేపలు, కట్టెలు, చింతపండు. కాటా ఎక్కినదేదీ మళ్లీ ఇంటికి రాదు. బిడ్డను కాటా ఎక్కించమంటే తల్లులంతా తలుపులేసుకున్నారు. మూడు నెలలపాటు ఇర్మమ్మ ఖాళీ కాటా మోసుకుని వచ్చి, ఖాళీ కాటా మోసుకుని వెళ్లింది. నాలుగో నెల, బిడ్డను కాదు, తల్లిని తూస్తానంది. తల్లి బిడ్డనెత్తుకుని ఒకసారి ఎక్కాలి, బిడ్డను పక్కవాళ్లకిచ్చి ఒంటరిగా ఇంకోసారి ఎక్కాలి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే బిడ్డ బరువు వస్తుంది, బిడ్డను మాత్రం ఎవరూ తూచనట్టే. శీనయ్య తల్లి పిచ్చమ్మ దీన్ని చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది.

"ఆడదాన్ని ఎట్టాగూ ఒకరింటికి ఇచ్చేదే గదా. తూస్తే తూసుకో."

అలా మొదలైంది. బిడ్డను గుడ్డలు విప్పి నలుగురి కళ్లముందు పెట్టడం కూడా కాలనీలో పనికిరాదు, దిష్టి. అందుకని ఇర్మమ్మ, చుట్టిన గుడ్డకు రెండు వందల గ్రాములని ఒక లెక్క పెట్టుకుని అదీ తీసేసేది. మధ్యలో నాలుగేళ్లు ఆమెను జెనీవాకు పిలిపించి పెద్ద ఆఫీసులో కూర్చోబెట్టారు. ఈ పద్ధతి చెబితే, బిడ్డను నేరుగా ఎందుకు తూచకూడదని అక్కడి కమిటీ అడిగిందట. చేపల వల్ల అని ఇర్మమ్మ జవాబిచ్చింది. వాళ్లు అదే రాసుకున్నారు. అక్కడ పిల్లలు కాగితాల్లో తప్ప కనబడరని ఆమె మళ్లీ ఉదయగిరికి వచ్చేసి, రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. మోటారుసైకిలు మానేసి బస్సులో తిరుగుతోంది. అంగన్‌వాడీలో తూకం వేస్తున్నారు కదా, ఇంక ఈమె ఎందుకని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. పాతవాళ్లు అడగరు.

చిన్నాకు ఏడో నెలలో ఆరు కేజీల ఏడు వందలు. ఎనిమిదో నెలలోనూ అంతే. ఇర్మమ్మ తూకాలు రాసే కార్డు చూపించి, వచ్చే నెల కూడా ఎక్కకపోతే ఆత్మకూరు ఆస్పత్రిలో తల్లీబిడ్డా పధ్నాలుగు రోజులు ఉండాల్సి వస్తుందని చెప్పింది. భారతి ఆడబిడ్డ విజయకుమారి కూతుర్ని అంతకు ముందు ఏడాది అదే ఆస్పత్రికి తీసుకుపోయారు. వారం రోజులు విరేచనాలైన తర్వాత, నాటువైద్యాలన్నీ అయిపోయిన తర్వాత తీసుకుపోయారు. మర్నాడు గుడ్డలో చుట్టి తెచ్చారు. భారతికి ఆ వారం రోజులు గుర్తులేవు. ఆస్పత్రి ఒక్కటే గుర్తుంది.

తొమ్మిదో నెల తూకానికి ముందురోజు, మొగుడు సురేశ్‌బాబు వల దండేనికి ఆరేసి ఉంది. వల అంచుకు నీళ్లలో మునగడానికి సీసం గుండ్లు కట్టి ఉంటాయి, ఒక్కోటి చింతగింజ కన్నా కాస్త పెద్దది, చేతిలో పెట్టుకుంటే చూసినదానికన్నా బరువు. భారతి ఇరవై గుండ్లు కోసి, చిన్నాను చుట్టే పాతచీర గుడ్డ మడతలో పెట్టి కుట్టేసింది. బిడ్డతో ఎక్కేటప్పుడు గుండ్లు కాటా మీదుంటాయి. బిడ్డను అత్తకిస్తే వాటంతట అవే దిగిపోతాయి. ఎనిమిదో తరగతి చదువు ఇలా ఉపయోగపడింది.

కార్డు మీద ఏడు కేజీల నూరు పడింది. వెంగమ్మ మనవడిని అందుకుని, మోచేయి కిందికి పోయేసరికి ఆశ్చర్యపోయింది. తూకాలను నమ్మని మనిషి గనక తన చేతిని నమ్మింది.

"ఏందే, గుండ్రాయి మాదిరి ఉండాడు. ఎవురి కళ్లన్నా పడతాయి."

ఆ సాయంత్రం ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి దిగదీసి పొయ్యిలో వేసింది. గుడ్డలోపల చిన్నా ఆరు కేజీల ఆరు వందలున్నాడు.

పదో నెలకు మరో ఇరవై మూడు గుండ్లు కావలసి వచ్చాయి. కార్డు మీది బిడ్డ నెల నెలా పెరగాలి కదా. మొత్తం నలభై మూడు. సురేశ్‌బాబు వల ఒక పక్క నీళ్లమీద తేలిపోతోంది. చేపలు ఆ పక్కనుంచే వెళ్లిపోతున్నాయి. చెరువులో ఎండ్రకాయలు గుండ్లు కొరికేస్తున్నాయని అతను నలుగురితో చెప్పాడు. నలుగురూ ఒప్పుకున్నారు, తమ వలలకు కూడా అలా అవుతోందని ఇద్దరు చెప్పారు.

కార్డు మీద ఏడున్నర పడింది. ఇర్మమ్మ ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. తర్వాత భారతి వైపు చూసింది. బాగుండాది అని మాత్రం అని, కార్డు సంచిలో పెట్టుకుంది.

అప్పటినుంచి భారతి భయం రెండింతలైంది. ఇంతకు ముందు బిడ్డ సన్నబడుతున్నాడని ఎవరితోనైనా చెప్పుకోవడానికి వీలుండేది. ఇప్పుడు కార్డు మీద బాగున్నాడు. చిన్నాకు విరేచనాలు పట్టుకున్నాయి, పట్టి వదిలాయి, మళ్లీ పట్టాయి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఆమె లెక్కపెట్టేది. అన్నం ముందు కూర్చుంటే బిడ్డ ముఖం గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు, కంచం కోళ్లకు పెట్టేసేది. కోళ్లు బాగానే ఎదిగాయి.

పదకొండో నెల తూకానికి ఎన్ని గుండ్లు కావాలో లెక్కవేస్తే అరవై దాటింది. గుడ్డ ఆగదు, వల అసలే ఆగదు. ఆ మంగళవారం పొద్దున్నే ఆమె, జలదంకిలో పుట్టింటికి పోతున్నానని అత్తకు చెప్పి, చిన్నాను అదే గుడ్డలో చుట్టుకుని, కట్ట దాటి జామాయిల్ తోపులో కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంటే ముసలామె వెళ్లిపోతుందని లెక్క.

పదిన్నరకు ఆకులు నలుగుతున్న చప్పుడు వినబడింది. ఇర్మమ్మ ఒక చేత్తో కాటా సంచి, ఒక చేత్తో చెట్ల మొదళ్లు పట్టుకుంటూ వస్తోంది. ముఖం ఎండకు టమాటాలాగా ఉంది.

"పుట్టింటికి పోయిందన్నాది మీ అత్త. పొద్దున వచ్చింది ఒకటే బస్సు. దాంట్లోంచి దిగింది నేను. ఎక్కింది ఎవురూ లేరు. దాంకునేదానికి ఈడ ఈ తోపు ఒకటే ఉండాది," అంటూ ఎదురుగా కూర్చుంది. "బిడ్డను ఇట్టియ్యి."

భారతి ఇవ్వలేదు. ఇర్మమ్మ సంచిలోంచి కార్డు తీసి, ఎవరూ ఎప్పుడూ చూడని గడిమీద వేలు పెట్టింది. బిడ్డ బరువు గడి కాదు, దాని పక్కది. తల్లిని ఒంటరిగా తూచినప్పుడు రాసే గడి.

"నలభై ఆరు. నలభై అయిదు. నలభై మూడున్నర. నలభై రెండు. ఇది నువ్వు, మే. నాలుగు తూకాల్లో నాలుగు కేజీలు పోయినావు. పాలిచ్చే తల్లి కరిగిపోతా ఉంటే ఆ పాలు తాగే బిడ్డ ఎట్ట పెరగతా ఉండాడు? నలభై ఏండ్లుగా తీసివేస్తా ఉండాను. ఇట్టాంటి లెక్క నాకు ఎప్పుడూ రాలేదు."

భారతి గుడ్డ విప్పింది. కుట్లు పళ్లతో కొరికి తెంపి, గుండ్లు ఇర్మమ్మ ఒళ్లో పోసింది. ఇర్మమ్మ అరవలేదు. ముందు బిడ్డ చేయి పట్టుకుని చూసింది, కడుపు చర్మం చిటికెతో పట్టి వదిలింది. అప్పుడు గుండ్ల వంక చూసి, మొదటిసారి ఆమె గొంతు మారింది.

"సీసమా? నోట్లో పెట్టుకున్నాడా?"

పళ్లొస్తున్నాయి, గుడ్డ చీకుతుంటాడని భారతి చెప్పింది. ఎన్ని గుండ్లని ఇర్మమ్మ అడిగింది. నలభై మూడు. ఇద్దరూ ఆకుల మీద వరుసగా పేర్చి లెక్కపెట్టారు. నలభై రెండు. మళ్లీ లెక్కపెట్టారు. నలభై రెండే. నలభై మూడోది చిన్నా కడుపులో ఉండొచ్చు. భారతికి ఇంక ఆస్పత్రి భయం గుర్తురాలేదు, దానికి చోటు లేదు.

కట్ట దిగేటప్పుడు ఇర్మమ్మ కాలుజారి పక్కకు పడింది. లేచి, చీరెకున్న మట్టి దులుపుకుని, పోదాం పోదాం అంది. ఆటోలో ఉదయగిరికి, అక్కడ ఆత్మకూరు బస్సు. గంటన్నర పైగా ప్రయాణం. బస్సంతా కిటకిట. ఎవరో లేచి సీటిస్తే, నిలబడితేనే హాయిగా ఉందని ఇర్మమ్మ కూర్చోలేదు. భారతి చిన్నా నోరు తెరిచి చూస్తూ వెళ్లింది, గుండు ఏమైనా పైకి వస్తుందేమోనని.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. చిన్నా కడుపులో ఏ గుండూ లేదు, నలభై మూడోది తోపులోనే ఎక్కడో రాలిపోయి ఉండాలి. ఫొటో వెలుతురుకు పట్టి చూసి, లేదని తేలాక, ఇర్మమ్మ అక్కడున్న కుర్ర డాక్టరు రాజమోహన్‌తో, మిషను వేడిగా ఉన్నప్పుడే తనకూ ఒకటి తీయమంది. ఆమె తుంటి ఎముక చిట్లి ఉంది. ఆ తుంటితోనే గంటన్నర బస్సులో నిలబడి వచ్చింది. ఎందుకు చెప్పలేదని రాజమోహన్ అడిగితే, వరసలో ముందు బిడ్డ ఉన్నాడంది.

చిన్నా అసలు బరువు ఆరు కేజీల మూడు వందలు. రక్తం తీసి నెల్లూరుకు పంపితే, సీసం ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువే ఉందని, మూడు నెలలకు మళ్లీ చూడాలని రాశారు. పధ్నాలుగు రోజులు పిల్లల గదిలో ఉంచారు. భారతి అనుకున్నట్టు అక్కడ ఏమీ జరగలేదు. రెండు గంటలకొకసారి పాలలో నూనె, చక్కెర కలిపి గిన్నెతో తాగించాలి. కక్కితే మళ్లీ తాగించాలి. కక్కకపోతే రాసుకోవాలి. భారతి కూడా తినాలి, తిన్నట్టు నర్సు చూడాలి. కోళ్లు లేవు. చిన్నా నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టకూడదని రెండోరోజు నర్సు ఆమె చేయి పట్టుకుని అవతల పెట్టింది.

ఇర్మమ్మకు ఆపరేషన్ అయింది. నాలుగోరోజునుంచి చక్రాల కుర్చీలో తోయించుకుని పిల్లల గదికి వచ్చి కూర్చునేది. అక్కడైతే కనీసం పనేదో జరుగుతూ ఉంటుందంది. భారతి ఒకరోజు ధైర్యం చేసి, నీకు పిల్లల్లేరు కదా డాక్టరమ్మా, ఇదంతా ఎందుకు పెట్టుకున్నావని అడిగింది.

"నేను పుట్టింది యుద్ధం అయిపోయినాక. మా ఊర్లో పాలు లేవు, కూపన్లు ఉండినాయి. మాయమ్మకు మేము ఇద్దరం, కవలలం. వారానికొకసారి తూకం. తగ్గిన బిడ్డకు పాలకూపను ఎక్కువిస్తారు. మాయమ్మ నన్నే రెండుసార్లు చూపించింది. నేను చిన్నదాన్ని, తక్కువ తూగతానని."

"రెండోబిడ్డ?"

"వాణ్ని ఎవురూ చూడలేదు. పెద్దోడు, బాగుండాడు అనుకునింది మాయమ్మ. నేను బతికినాను." చక్రాల కుర్చీని చిన్నా వైపు తిప్పుకుంది. "మాయమ్మ మోసం చేసింది. నువ్వూ చేసినావు. తల్లులు చేస్తారు, దాంట్లో విశేషం లేదు. నేను పోయిన నెల్లోనే గుడ్డ విప్పాల్సింది. మర్యాదకు పోయి ఊరుకున్నాను. అది డాక్టరు చేసే తప్పు, నీది కాదు."

ఆమె గొంతులో ఏ తేడా లేదు. బస్సు టైములు చెబుతున్నట్టే చెప్పింది. భారతి గిన్నెలో మిగిలిన పాలు చిన్నాకు తాగించింది. వాడు కక్కలేదు. రాసుకుంది.

పధ్నాలుగో రోజుకు వాడు ఏడు కేజీలు ఎక్కాడు. ఈసారి ఒట్టి ఒంటితో, నేరుగా కాటా మీద. చూడటానికి వచ్చిన వెంగమ్మ అటు తిరిగి నిలబడి, తూకం అయిపోయాక ఇటు తిరిగింది. ఇంటికి వెళ్లొచ్చని రాజమోహన్ చెప్పాడు. సురేశ్‌బాబు ఆటో పిలవడానికి వెళ్లాడు. అతనికి ఎండ్రకాయల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇర్మమ్మ భారతిని దగ్గరికి పిలిచింది. ఒళ్లో రేకుపెట్టె, పెట్టెనిండా కార్డులు. అందులోంచి ఒకటి తీసి ఇచ్చింది. సీతారామపురం దాటాక మెట్టలో ఒక ఊరు. బిడ్డ పేరు లిఖిత, ఎనిమిది నెలలు. తల్లి పేరు అనురాధ. రెండు నెలలుగా తూకానికి రాలేదు. మొదటి నెల బస్సు తప్పిపోయి ఇర్మమ్మ వెళ్లలేకపోయింది. రెండో నెల ఈ తుంటి. తల్లి గడిలో యాభై ఒకటి, నలభై తొమ్మిది, నలభై ఏడు అని ఉంది.

"నువ్వు పోయి చూసి రా మే."

తనకేం తెలుసునని భారతి అంది. బిడ్డ తగ్గిపోతుంటే ఎలా ఉంటుందో నీకన్నా ఎవరికి తెలుసునని ఇర్మమ్మ అంది.

ఇంటికి వెళ్లిన మూడోరోజు, చిన్నాను చంకనేసుకుని సీతారామపురం బస్సెక్కింది. దారి పొడవునా భయపడింది. దిగి రెండు మైళ్లు నడిచి ఆ ఊరు పట్టుకుంది. ఇంటి తలుపుకు తాడు కట్టి ఉంది. పక్కింటి పంచలో అనురాధ అత్త ఆదిశేషమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. కళ్లు సరిగా కనబడవు. ఊళ్లో నాలుగు కుటుంబాలు మిరపకాయల కోతకు పోయాయని చెప్పింది. ఎక్కడికంటే పల్నాడు వైపన్నారు, గుంటూరు పక్కనో ఏమో, కూలీలను తీసుకుపోయిన మేస్త్రీకి తెలుసు. మేస్త్రీ ఫోను మోగడం లేదు. బిడ్డ ఎలా ఉందని అడిగితే, బాగుండాది, అసలు ఏడవను కూడా ఏడవదు అంది.

భారతికి ఆ మాట నచ్చలేదు. ఏడవని బిడ్డ గురించి ఇప్పుడు ఆమెకు కొంత తెలుసు.

తిరిగొచ్చి ఇర్మమ్మకు ఫోనులో చెప్పింది. కార్డు మీద ఊరు వదిలి పోయారని రాయనా అని అడిగింది. అలా రాయడానికి వీల్లేదని, చూడలేదు అని రాయమని ఇర్మమ్మ చెప్పింది. భారతి గుండ్రటి అక్షరాలతో చూడలేదు అని రాసి, తేదీ వేసింది. పల్నాడు దాకా చంటిబిడ్డతో వెతుక్కుంటూ పోవడం ఆమె వల్ల కాదు. ఆ తుంటితో ఇర్మమ్మ వల్ల కాదు.

కాబట్టి ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా మిరప చేలవైపు ఉంటే, లేదా ఆ దారిలో వెళుతుంటే, ఉదయగిరి వైపు నుంచి వచ్చిన కూలీలు ఎక్కడ దిగారో కనుక్కోండి. అనురాధ పొడుగ్గా ఉంటుంది, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు. బిడ్డను గట్టు మీద, చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో వేసి ఉంటుంది. బాగుందా అని అడగవద్దు, బాగుందనే చెబుతారు. ఎత్తుకోండి. గుడ్డ తీసి చెయ్యి చూడండి. లిఖిత ఎలా ఉందో ఆత్మకూరులో ఆ పిల్లల గదికి ఒక్క కబురు పంపండి.